పీనియల్ గ్రంథికీ రోగనిరోధక శక్తికీ లంకె ఎలా పడింది?

పీనియల్ గ్రంథిని మేల్కొలిపితే ఏ జబ్బయినా నయమవుతుందన్న ప్రచారం ఇప్పుడు జోరుగా సాగుతోంది. నమ్మి మందులు మానేసేవాళ్లుంటే ఎంత ప్రమాదం! అందుకే ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలియాలి.

మెదడు నడుమ ఉండే ఈ చిన్న గ్రంథే ఆత్మకు నెలవని 17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ అన్నాడు. 1888లో దివ్యజ్ఞాన సమాజానికి చెందిన బ్లావట్‌స్కీ దీన్ని శివుడి మూడో కంటితో ముడిపెట్టారు. నేటి ప్రచారంలో ఆ భాషే ఎక్కువ.

ప్రయోగశాలల దారి వేరు. ఆవుల పీనియల్ సారం తగిలితే తోకకప్పల ఒళ్లు పాలిపోతుందని 1917లో తేలింది. చర్మం రంగుకు సంబంధించిన జబ్బులకు ఇందులో మందు దొరుకుతుందేమోనని యేల్ యూనివర్సిటీ చర్మవైద్యుడు ఆరన్ లెర్నర్ ఆశపడ్డారు. కబేళాల నుంచి లక్షకు పైగా గ్రంథులు తెప్పించి, 1958లో మెలటోనిన్‌ను వేరుచేశారు. బొల్లికి మందు కాలేదు గానీ, చీకటి పడ్డాక ఊరే హార్మోన్ దొరికింది. గట్టి వెలుతురు పడితే మనుషుల్లోనూ అది ఆగిపోతుందని 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ బృందం చూపించింది.

రోగనిరోధక శక్తి మాట గట్టిగా వచ్చింది 1986లో, స్విట్జర్లాండ్ నుంచి. జార్జెస్ మాయెస్త్రోనీ బృందం ఎలుకలకు సాయంత్రం ప్రొప్రనొలాల్ ఇచ్చింది. మనం బీపీకి వాడే మాత్రే అది. మెలటోనిన్ తయారీకీ అడ్డుపడుతుంది. ఆ ఎలుకల్లో యాంటీబాడీలు తగ్గాయి. మెలటోనిన్ ఇస్తే మళ్లీ పుంజుకున్నాయి. ఈ ఫలితమే తర్వాతి పరిశోధనలకు ఊపిరి పోసింది, దాంతోపాటే అతి ప్రచారానికీ. అయితే ల్యాబుల్లో పెంచే ఎలుక జాతుల్లో చాలావాటికి పుట్టుకతోనే మెలటోనిన్ దాదాపు ఉండదని అదే ఏడాది మరో బృందం ప్రకటించింది. అయినా అవి ఇన్‌ఫెక్షన్లతో పోరాడుతూనే బతుకుతున్నాయి. ప్రచారం చేసేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

2004లో స్పెయిన్‌లోని సెవిల్ శాస్త్రవేత్తలు మనిషి లింఫోసైట్లు, అంటే తెల్లరక్తకణాల్లో ఒక రకం, తమకు కావలసిన మెలటోనిన్‌ను తామే తయారుచేసుకుంటాయని చూపించారు. బ్రెజిల్‌లో రెజీనా మార్కస్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. వాపు మొదలైనప్పుడు పీనియల్ తన ఉత్పత్తి తగ్గించుకుంటుందనీ, గాయం దగ్గర చేరిన కణాలే ఆ పని అందుకుంటాయనీ వాళ్ల వివరణ. ఇదే నిజమైతే, జబ్బు చేసినప్పుడు పీనియల్‌ను 'యాక్టివేట్' చేయాలన్న సలహా శరీరం చేసుకునే ఏర్పాటుకే ఎదురు నడుస్తుంది.

మెలటోనిన్ మాత్రల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మెలటోనిన్ రోగనిరోధక కణాలను అణచడమే కాదు, కొన్నిసార్లు రెచ్చగొడుతుంది కూడా. రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడిచేసే జబ్బులున్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దీన్ని వేసుకోకూడదు.