ఐపీ అడ్రస్‌కు పేరు రాసేది ఎవరు?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు చిన్న ఆఫీసులు నడిపే తెలుగువాళ్లలో సొంత మెయిల్ సర్వర్ పెట్టుకుందామనేవాళ్లు నాకు తరచూ కనిపిస్తారు. మంచి ఆలోచన. ఎవరి అనుమతీ లేకుండా నడుపుకోగలిగినవి ఇంటర్నెట్‌లో కొన్నే మిగిలాయి, వాటిలో ఈమెయిల్ ఒకటి. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, మీ మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు రాయడం సులువే. ఆ తర్వాతే టెన్షన్: జీమెయిల్‌కు పంపిన ఉత్తరం స్పామ్‌లో పడుతుంది, లేదా 550 కోడ్‌తో తిరిగొస్తుంది. అప్పుడు ముందుగా చూడాల్సింది రివర్స్ డీఎన్ఎస్, అంటే సర్వర్ ఐపీ అడ్రస్‌కు ఏ పేరుందో చెప్పే ఏర్పాటు.

ఇంటర్నెట్ పేర్ల పట్టిక లాంటి మామూలు డీఎన్ఎస్‌కు పేరు ఇస్తే ఐపీ అడ్రస్ చెబుతుంది. ఇక్కడ అడ్రస్ ఇచ్చి పేరు అడుగుతాం. జవాబు పీటీఆర్ రికార్డులో ఉంటుంది. 203.0.113.25 పేరు కావాలంటే 25.113.0.203 అని తిరగేసి, చివర ఇన్-యాడర్ డాట్ ఆర్పా తగిలించి అడగాలి. తిరగేయడం దేనికంటే, కవరు మీద చిరునామా ఇంటి నంబరు, వీధి, మారతహళ్లి, బెంగళూరు అని చిన్నదాన్నుంచి పెద్దదానికి సాగుతుంది. డొమైన్ పేరూ అంతే. ఐపీ అడ్రస్‌లో మాత్రం పెద్దది ఎడమవైపు ఉంటుంది. తిప్పితే గానీ రెండూ ఒక వరసలోకి రావు. పొడవాటి కొత్త తరహా అడ్రస్ ఐపీవీ6లో 32 అంకెలనూ ఒక్కొక్కటిగా తిప్పాలి.

చాలామంది పీటీఆర్‌ను డొమైన్ కొన్న చోట వెతుకుతారు. అక్కడ రాసినా ఎవరూ చూడరు, ఎందుకంటే డొమైన్ మీది, అడ్రస్ మీది కాదు. ఆసియా పసిఫిక్ అడ్రసులను ఏపీనిక్ అనే సంస్థ పంచుతుంది. మన దేశంలో నిక్సీ అనే సంస్థ నడిపే ఐరిన్ కూడా ఆ పని చేస్తుంది. వాళ్ల నుంచి అడ్రసులు ఇంటర్నెట్ కంపెనీలకు, క్లౌడ్ కంపెనీలకు వెళ్తాయి. రివర్స్ జోన్, అంటే ఆ అడ్రసుల పేర్లు రాసే చోటు మీద హక్కూ వాటితోపాటే దిగుతుంది. క్లౌడ్‌లో అయితే సాధారణంగా వాళ్ల ప్యానెల్‌లోనే పేరు రాసుకోవచ్చు. ఆఫీసు స్టాటిక్ ఐపీ అయితే సర్వీసు ఇచ్చేవాళ్లనే అడగాలి. కస్టమర్ కేర్‌లో పీటీఆర్ అంటే తెలియకపోవచ్చు. ఐపీ, కావలసిన పేరు రెండూ రాసి, నెట్‌వర్క్ టీమ్‌కు పంపమని మెయిల్ పెట్టండి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌తో మాత్రం ఈ పని దాదాపు కాదు. అడ్రస్ మారుతూ ఉంటుంది, సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే పోర్టు 25 తరచూ మూసి ఉంటుంది.

పేరు పడగానే పని అయిపోదు. అడ్రస్ చేతిలో ఉన్నవాళ్లు పీటీఆర్‌లో ఎవరి పేరైనా రాసుకోవచ్చు. డొమైన్ ఉన్నవాళ్లు ఏ ఐపీనైనా తమదిగా చూపించుకోవచ్చు. కానీ పీటీఆర్ చెప్పిన పేరును తిరిగి అడిగినప్పుడు అదే ఐపీ వస్తే, ఇద్దరూ ఒప్పుకున్నట్టే. రివర్స్ డీఎన్ఎస్‌కు విలువ తెచ్చేది ఈ సరిపోలికే. జీమెయిల్‌కు మెయిల్ పంపేవాళ్లందరికీ 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ రెండువైపులా సరైన రికార్డులు ఉండాలని నియమం పెట్టింది. సర్వర్ తనను పరిచయం చేసుకునే హలో (HELO) పేరు కూడా అదే అయితే మంచిది. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్‌ల పని వేరు, అవీ ఉండాలి.

రికార్డు మార్చాక పాత జవాబు టీటీఎల్ (దాన్ని దాచుకోగల సమయం) గడువు తీరేదాకా అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటుంది. ముందు డీఎన్ఎస్‌ను అడిగే డిగ్ కమాండుతో రెండు వైపులా అడిగి చూసుకుని, తర్వాత జీమెయిల్‌కు ఒక మెయిల్ పంపి, దాని హెడర్లు, అంటే మెయిల్ ఎలా వచ్చిందో చెప్పే వివరాలు తెరిచి చూడండి.