నెగెటివ్ వచ్చింది, నీరసం పోలేదు

ఇన్‌ఫెక్షన్ తగ్గి టెస్టు నెగెటివ్ వచ్చాక కూడా కొందరు ఆసుపత్రి సిబ్బందిని నీరసం వదలదు. ఇది కొత్త కథ కాదు. 1955 జూలైలో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఒక డాక్టరు, ఒక వార్డు సిస్టరు జబ్బుపడి అక్కడే చేరారు. రెండు వారాలు తిరక్కుండానే ఆసుపత్రిని మూసేయాల్సి వచ్చింది. మళ్ళీ తెరిచింది అక్టోబరులో. మొత్తం 292 మంది సిబ్బంది మంచం పట్టారు. అప్పటికే వార్డుల్లో ఉన్న రోగుల్లో మాత్రం ఇది వచ్చింది 12 మందికే.

గొంతునొప్పి, తలనొప్పి, కాళ్ళూ చేతుల్లో సత్తువ లేకపోవడం. చాలామంది కోలుకున్నారు, కొందరిని ఆ నీరసం ఏళ్ళ తరబడి వదల్లేదు. కారణమైన క్రిమి దొరకలేదు. 1970లో ఇద్దరు సైకియాట్రిస్టులు ఒక్క రోగినీ పరీక్షించకుండా, పాత కేసు షీట్లు చూసి, ఇది సామూహిక హిస్టీరియా, అంటే ఒంట్లో జబ్బు లేకపోయినా భయం ఒకరి నుంచి ఒకరికి పాకడం కావచ్చని రాశారు. జబ్బుపడ్డవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు కావడం వాళ్ళు చూపిన కారణాల్లో ఒకటి. పగలూ రాత్రీ ఇతరుల బాధ విన్నవాళ్ళకు, తమ బాధ చెప్పుకుంటే దక్కిన సమాధానం ఇది. చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది.

2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి వచ్చింది. ప్రపంచం మొత్తమ్మీద నమోదైన 8,096 కేసుల్లో 1,706 మంది ఆరోగ్య సిబ్బందే, అంటే ఐదుగురిలో ఒకరు. తగ్గాక కూడా పనిలోకి వెళ్ళలేకపోయిన 22 మందిని టొరంటోలో పరిశీలించారు. వాళ్ళలో దాదాపు అందరూ ఆరోగ్య సిబ్బందే. ఒళ్ళునొప్పులు, ఎంత పడుకున్నా తీరని అలసట, దిగులు. కోవిడ్ తర్వాత ఇదే కథ ఎన్నో రెట్లు పెరిగి కనిపించింది. కోవిడ్ తర్వాత నెలల తరబడి వదలని ఈ బాధలకు లాంగ్ కోవిడ్ అన్న పేరు పెట్టింది కూడా వాటిని అనుభవిస్తున్నవాళ్ళే.

లాంగ్ కోవిడ్‌లో అందరినీ తికమకపెట్టేది ఒకటుంది. మామూలు అలసట పని చేస్తుండగానే తెలుస్తుంది, పడుకుంటే పోతుంది. ఇక్కడ అలా కాదు. చాలామందిలో శ్రమ చేసిన రోజు బాగానే గడిచి, ఒకటి రెండు రోజుల తర్వాత ఒళ్ళు ఒక్కసారిగా కుప్పకూలుతుంది. సోమవారం డ్యూటీలో చురుగ్గా కనిపించిన నర్సు బుధవారం లేవలేకపోతే, పక్కవాళ్ళకు అది సాకులా అనిపిస్తుంది. ఆమెకే తన మీద అనుమానం మొదలవుతుంది. 2024లో వెలువడిన ఒక పరిశోధనలో ఇలాంటివాళ్ళ కండరం ముక్కలను వ్యాయామానికి ముందూ తర్వాతా తీసి పరీక్షించారు. శ్రమ తర్వాత కండరంలో దెబ్బతిన్న గుర్తులు పెరిగాయి. ఇది ఊహ కాదు, మైక్రోస్కోపు కింద కనిపించింది.

ఇంకొందరికి నిలబడితేనే టెన్షన్ వచ్చినట్టు గుండె దడదడలాడుతుంది. పోట్స్ అనే ఈ స్థితిలో, పెద్దవాళ్ళకు లేచి నిలబడిన 10 నిమిషాల్లోపే గుండె అంతకుముందుకన్నా నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ సార్లు అదనంగా కొట్టుకుంటుంది. షిఫ్టంతా నిలబడే పని చేసేవాళ్ళకు ఇది ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. అంతకన్నా భయపెట్టేది మెదడుకు మబ్బు పట్టినట్టుండటం. నోటి లెక్కగా వచ్చే మందు డోసు దగ్గర ఆగిపోతే, పొరపాటు చేస్తానేమో అన్న భయం ఇంటిదాకా వస్తుంది.

దిగులు ఉంటుంది, దానికి చికిత్సా కావాలి. కానీ దిగులే జబ్బంతా అనుకుంటే ప్రమాదం. డిప్రెషన్‌కు మేలు చేసే వ్యాయామమే, శ్రమ తర్వాత కూలిపోయేవారికి కీడు చేయవచ్చు. ఇలాంటి లక్షణాలే ఉండే దీర్ఘకాలిక అలసట జబ్బులో వ్యాయామాన్ని షెడ్యూలు ప్రకారం పెంచుకుంటూ పోవద్దని బ్రిటన్ మార్గదర్శకాలు 2021లోనే చెప్పాయి.

అందుకే తిరిగి డ్యూటీకి వచ్చినవాళ్ళకు మొదటి వారమే నైట్లు వేయకూడదు. కూర్చుని చేసే పనితో, తక్కువ గంటలతో మొదలుపెట్టాలి. డోసు లెక్కను ఇంకొకరు సరిచూడాలి. ఎలా ఉందని ఆ రోజు మాత్రమే కాదు, రెండు రోజులాగి మళ్ళీ అడగాలి.