కొరివితో తల గోక్కునే అలవాట్లు: ఒత్తిడిపై అపోహలు - వాస్తవాలు

ఒత్తిడంతా మనం తెచ్చిపెట్టుకున్నదే అనేవాళ్ల మాట నమ్మకండి. అప్పుల్లో ఉన్నవాళ్లకో, ఇంట్లో జబ్బు మనిషిని చూసుకుంటున్నవాళ్లకో అలవాట్లు మార్చుకోమని చెప్పడం పుండు మీద కారం చల్లడమే. ఆ బరువు మీద మనం చేతులారా పేర్చుకునే అదనపు బరువు గురించే ఈ నాలుగు ముక్కలు.

అపోహ: పని ఎక్కువవడం వల్లే ఈ ఉరుకులు పరుగులు.

వాస్తవం: చాలాసార్లు తప్పు పనిది కాదు, అంచనాది. 1994లో అచ్చయిన ఒక అధ్యయనంలో, థీసిస్ ఎన్నాళ్లలో పూర్తిచేస్తారని విద్యార్థులను అడిగితే సగటున 34 రోజులన్నారు. తీరా పట్టింది 55 రోజుల పైనే. మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే ఈ పొరపాటుకు ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు కూడా పెట్టారు. పని సాఫీగా సాగితే ఎంత పడుతుందో అంతే మనసులో లెక్కేస్తాం, మధ్యలో తగిలే అడ్డంకులు ఆ లెక్కలోకి రావు.

బయటికి బయల్దేరడమే చూడండి. పది గంటలకు అక్కడుండాలి, ప్రయాణం అరగంట, కాబట్టి 9:30కి బయల్దేరితే చాలనుకుంటాం. తాళంచెవి వెతకడం, చెప్పులు వేసుకోవడం, తలుపు వేసి కిందికి దిగడం కలిపి 8 నిమిషాలు. బండి పెట్టడానికి చోటు దొరికి లోపలికి నడిచేసరికి ఇంకో 7. అంటే అసలు టైము 9:15. అలారం ఆ టైముకి పెట్టుకున్నా పప్పులో కాలేసినట్టే, ఎందుకంటే అది మోగేసరికి చేతిలో ఏదో పని ఉంటుంది. చేతిలో పని వదలడానికి 9:05కి ఒక అలారం, లేచి తాళంచెవి అందుకోవడానికి 9:15కి ఇంకొకటి పెట్టుకోవాలి.

మిగతా పనులకు ఒక వారం రెండు గడుల పట్టిక రాయండి: ఎంత పడుతుందనుకున్నారు, ఎంత పట్టింది. 40 నిమిషాలనుకున్నది 60 పడుతుంటే మీకు నిజంగా పట్టేది అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లు. వచ్చే వారం ప్రతి అంచనానూ దాంతో గుణించి, పట్టినన్ని పనులే ఒప్పుకోండి. అంతకు మించి వచ్చినదానికి "గురువారం ఇస్తాను" అనడం, ఇవాళే ఇస్తానని తర్వాత మొహం చాటేయడం కంటే నయం.

అపోహ: మెసేజ్ వచ్చినప్పుడల్లా చూసేస్తే తలనొప్పి వదులుతుంది.

వాస్తవం: 2015లో 124 మందితో చేసిన ప్రయోగంలో ఒక వారం మెయిల్ రోజుకు మూడుసార్లే చూడమన్నారు, ఇంకో వారం ఎన్నిసార్లైనా చూడమన్నారు. మూడుసార్లే చూసిన వారంలో ఒత్తిడి తక్కువగా ఉంది. కానీ మొదటిరోజే ఫోన్ మొత్తం సైలెంట్‌లో పడేస్తే "ఏమైనా వచ్చిందేమో" అనే గుబులుతో ఇంకా ఎక్కువసార్లు తీసి చూస్తారు. ఓ వరస ప్రకారం వెళ్లండి. ముందు యాప్‌ల మీద కనిపించే ఎర్ర అంకెలు తీసేయండి, నాలుగు రోజులాగి శబ్దాలు ఆపండి, ఆ తర్వాత గంటకోసారి చూడటం మొదలుపెట్టండి. ఇంట్లోవాళ్ల కాల్స్ మాత్రం మోగనివ్వండి. అర్జెంటైతే ఫోన్ చేయమని తోటివాళ్లకు ముందే చెప్పాలి. ఈ మాట చెప్పకపోతే మధ్యలోనే చేతులెత్తేయాల్సి రావచ్చు.

మధ్యలో పని వదిలి లేవక తప్పకపోతే ఒక్క వాక్యం రాసిపెట్టండి: "ఐదో పేరా దాకా చూశాను, పట్టిక కూడిక మిగిలింది." తిరిగొచ్చాక ఎక్కడున్నామో వెతుక్కునే బాధ ఉండదు.

అపోహ: పడుకునే ముందు రేపటి పనుల ఊసే ఎత్తకూడదు.

వాస్తవం: తలుచుకోవద్దన్న కొద్దీ అదే తలపుకొస్తుంది. 1987లో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పి చూపించింది ఇదే. దాన్ని కాగితం మీదకి దించడమే మార్గం. పడుకోబోయే ముందు 5 నిమిషాలు చేయాల్సిన పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే దాదాపు 9 నిమిషాలు ముందు నిద్రపోయారని 2018లో ఒక నిద్ర ప్రయోగశాలలో తేలింది. "బ్యాంకు" అని రాస్తే లాభం లేదు. "బ్యాంకుకు ఫోన్ చేసి పాత కార్డు ఆపించాలి" అన్నట్టు రాయాలి. ఫోన్‌లో మాత్రం వద్దు, రాయడానికని తీసిన ఫోన్ అరగంట దాకా చేయి వదలదు.

అపోహ: తల వేడెక్కితే ఒక కాఫీ, ఒక సిగరెట్.

వాస్తవం: కెఫీన్ సగం కరగడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 4కి 200 మిల్లీగ్రాములు తాగితే రాత్రి 9కి ఇంకా 100 ఒంట్లోనే ఉంటుంది. ఒక్కసారిగా మానేస్తే మర్నాటికి తలనొప్పి పట్టుకుంటుంది, అందుకని రెండు మూడు రోజులకో అరకప్పు చొప్పున తగ్గించుకుంటూ రండి. ఇక సిగరెట్ తీర్చేది దాని ముందు సిగరెట్ పెట్టిన వెలితినే.

అపోహ: గట్టిగా ఊపిరి పీల్చి వదిలితే టెన్షన్ పోతుంది.

వాస్తవం: గట్టిగా కాదు, నెమ్మదిగా. గబగబా నిండా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, దాంతో భయం రెట్టింపవుతుంది. ముక్కుతో 4 సెకన్లు మామూలుగా పీల్చి, 6 సెకన్లు వదలండి. నిమిషానికి 6 శ్వాసలు, 5 నిమిషాలు చాలు.

అపోహ: ఏ అలవాటైనా 21 రోజుల్లో వచ్చేస్తుంది.

వాస్తవం: లండన్‌లో 96 మందిని గమనిస్తే కొందరికి 18 రోజులు పట్టింది, కొందరికి 254 పడుతుందని లెక్క తేలింది. మధ్యస్థంగా 66. ఒకరోజు తప్పినా పెద్ద నష్టం కనిపించలేదు. కాబట్టి 22వ రోజున "నా వల్ల కాదు" అనుకోకండి. పైన చెప్పినవాటిలో ఒక్కదాన్నే తీసుకుని, రోజూ ఎలాగూ చేసే పనికి ముడిపెట్టండి: పళ్లు తోముకోగానే కాగితం, పెన్ను.

అపోహ: దడ, వణుకు, నీరసం అన్నీ టెన్షనే.

వాస్తవం: థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా ఇలాగే ఉంటుంది. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, దిగులు రెండు వారాలకు మించి వదలకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఛాతీ నొప్పి అయితే వెంటనే, క్షణం ఆలస్యం చేయకుండా.