మరిగిస్తే సరిపోతుందా? పసిపిల్లల తిండి విషయంలో అపోహలు - వాస్తవాలు

పిల్లల డైటీషియన్‌గా నా దగ్గరికొచ్చే తల్లులు, అమ్మమ్మలు అందరూ ఏం పెట్టాలనే అడుగుతారు. వండింది ఎంతసేపు ఉంచొచ్చని అడిగేవాళ్లు చాలా తక్కువ. నాకు మాత్రం టెన్షన్ అంతా దాని గురించే.

అపోహ: పొద్దున చేసిన ఉగ్గు సాయంత్రం బాగా మరిగించి పెడితే ఏమీ కాదు.

వాస్తవం: అవుతుంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే విత్తనాల్లా నిద్రాణంగా ఉండే దాని గట్టి రూపాలు, ఉండొచ్చు, అవి వండినా చావవు, ఉగ్గు గోరువెచ్చగా గంటల తరబడి గట్టు మీదే ఉంటే మొలకెత్తి, పెరిగి విషాన్ని వదులుతాయి, వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ ఎంత మరిగించినా పోదు. వాసన రాలేదు కదా అంటారు, కానీ వాసన, రుచి మారకుండానే తిండి పాడై ఉండొచ్చు. వండాక బయట 2 గంటలు మించి ఉంచకండి. మన ఎండాకాలంలో, వంటగది 32 డిగ్రీలు దాటితే, ఒక్క గంటే. ఊరెళ్తూ జావ ఫ్లాస్కులో పోసుకెళ్లడం కూడా ఇలాంటిదే: మొదట బాగానే ఉంటుంది, వేడి 60 డిగ్రీల కిందికి దిగిందంటే ఆ వెచ్చదనంలోనే బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. ప్రయాణంలో అరటిపండు తీసుకెళ్లండి, అప్పటికప్పుడు తొక్క తీసి మెదిపి పెట్టొచ్చు.

అపోహ: పూర్తిగా చల్లారితేనే ఫ్రిజ్‌లో పెట్టాలి.

వాస్తవం: అలా చల్లారనిస్తూనే చాలామంది మర్చిపోతారు. వెడల్పు గిన్నెలోకి తీసి, ఆ గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో పెట్టి కలుపుతూ ఉంటే త్వరగా చల్లారుతుంది, వెంటనే ఒక్కో పూటకు సరిపడా చిన్న డబ్బాల్లో సర్ది లోపల పెట్టేయండి. ఒక రోజులో వాడేయాలి. ఒక్కసారే, పొగలు కక్కేలా వేడిచేసి, గోరువెచ్చగా అయ్యాక తినిపించాలి. కరెంటు పోతే తలుపు తెరవకండి, మూసి ఉన్న ఫ్రిజ్ దాదాపు 4 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది.

అపోహ: బిడ్డ వదిలేసిన జావ మూత పెట్టి ఇంకో గంటాగి పెట్టొచ్చు.

వాస్తవం: గిన్నెలో మిగిలిన రాగి జావ కాసేపటికి నీళ్లలా పలచబడటం మీరూ చూసే ఉంటారు. చెంచాతో పాటు బిడ్డ ఉమ్మి అందులో కలిసింది, దానిలోని ఎంజైము పిండిపదార్థాన్ని కరిగించేస్తోంది. ఆ ఉమ్మితోనే నోట్లోని బ్యాక్టీరియా కూడా చేరింది. అది పారేయాల్సిందే. మనవాళ్లకు తిండి పారేయాలంటే మనసొప్పదు, నాకూ అంతే, అందుకే ముందే రెండు చెంచాలు వేరే గిన్నెలోకి తీసి తినిపించండి, చాలకపోతే మళ్లీ శుభ్రమైన గరిటెతో వేసుకోవచ్చు.

డబ్బా పాలకూ ఇదే వర్తిస్తుంది: బిడ్డ తాగడం మొదలుపెట్టిన గంటలోపు మిగిలినవి పారబోయాలి. పిండిన తల్లిపాలు ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు ఉంటాయి, తలుపు అరలో కాకుండా లోపలి వైపు పెట్టండి.

తేనె మాత్రం ఏడాది నిండే దాకా నాకించొద్దు, పెద్దవాళ్లు ఎంత చెప్పినా సరే. అందులో ఉండగల బొటులిజం (కండరాలు చచ్చుబడే ప్రమాదకరమైన జబ్బు) తెచ్చే స్పోర్లు మరిగించినా చావవు.