ఆఖరి దెబ్బను కన్ను ఎందుకు నమ్ముతుంది?

1997 ఆగస్టు 3న అమెరికాలోని న్యూజెర్సీలో జరిగిన సమ్మర్‌స్లామ్ పోటీల్లో ఓవెన్ హార్ట్ అనే రెజ్లర్ స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్‌ను తలకిందులుగా ఎత్తి పట్టుకుని పైల్‌డ్రైవర్ అనే దెబ్బ వేశాడు. అతను మోకాళ్ళ మీద దిగకుండా పిరుదుల మీద కూర్చోవడంతో, తొడల మధ్య వేలాడుతున్న ఆస్టిన్ నడినెత్తి నేరుగా రింగు నేలను తాకింది. మెడలో వెన్నుపాము కమిలి, ఆస్టిన్ కాళ్ళూ చేతులూ కొద్దిసేపు అతని మాట వినలేదు. అయితే ముందుగా అనుకున్న ప్రకారం ఆ పోటీలో గెలవవలసినవాడు ఆస్టినే. జరిగింది గ్రహించిన హార్ట్ ప్రేక్షకులను కవ్విస్తూ కాలయాపన చేశాడు. ఆ తరువాత ఆస్టిన్ పాకుతూ వచ్చి, వెనక నుంచి అతన్ని ఎలాగో పడదోసి, గెలుపుకు కావలసినట్టు రిఫరీ మూడు లెక్కపెట్టేవరకు అతని భుజాలను నేలకు ఆనించి పట్టుకుని ఉండిపోయాడు. ఆ పోటీ మొత్తంలో నిజంగా తగిలిన దెబ్బ ఆ పైల్‌డ్రైవర్. దాని వెంటనే వచ్చిన ముగింపు మాత్రం చూసినవారిలో ఎవరికీ ముగింపులా అనిపించనంత పేలవంగా ఉంది.

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఫలితం ముందే నిర్ణయమై ఉంటుందన్న సంగతి నేడు పిల్లలకు కూడా తెలుసు. అందువల్ల ఇది నిజమా, నటనా అన్న పాత వాదానికి ఇక్కడ చోటు లేదు. ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. ఫలితం ముందే నిర్ణయమైందని తెలిసిన ప్రేక్షకుడు కూడా కొన్ని ఫినిషర్లు, అంటే పోటీని ముగించే ఆఖరి దెబ్బలు, పడగానే ‘ఇక లేవడు’ అనుకుంటాడు, మరికొన్నింటిని చూసి పెదవి విరుస్తాడు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? దెబ్బ ఎంత బలంగా తగిలిందన్న దానికీ, దాన్ని మనం ఎంతగా నమ్ముతామన్న దానికీ ఉన్న సంబంధం చాలా పలచనిదని నా అభిప్రాయం. దెబ్బ బలం ఎముకలకూ నరాలకూ సంబంధించినది. నమ్మకం మాత్రం చూసేవాడి కంటిలో, చెవిలో, అన్నిటికంటే ఎక్కువగా జ్ఞాపకంలో తయారవుతుంది.

ముందుగా పతనాన్ని చూద్దాం. 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి ఇండోర్ స్టేడియంలో అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ జరిపిన ప్రదర్శనకు జాన్ సీనా అనే రెజ్లర్ వచ్చాడు. అతని ఆఖరి దెబ్బ పేరు యాటిట్యూడ్ అడ్జస్ట్‌మెంట్. ప్రత్యర్థిని రెండు భుజాల మీద అడ్డంగా వేసుకుని పక్కకు విసిరి, వీపు నేలకు తాకేలా పడవేయడమే అందులోని పని. ఆ మనిషి బరువు 110 కిలోలనీ, పడే ఎత్తు 1.7 మీటర్లనీ అనుకుందాం. నేలను తాకే సమయానికి అతని వేగం సెకనుకు దాదాపు 5.8 మీటర్లు, అంటే గంటకు 21 కిలోమీటర్లు ఉంటుంది. ఆ వేగం ఎంత దూరంలో ఆగిపోతుందన్న దాని మీదే దెబ్బ తీవ్రత ఆధారపడుతుంది. గచ్చు నేల మీద పడి ఒక్క సెంటీమీటరు దూరంలో ఆగితే, శరీరం మీద సగటున గురుత్వాకర్షణకు 170 రెట్లు ఒత్తిడి పడుతుంది. అదే 10 సెంటీమీటర్ల దూరంలో ఆగితే ఆ ఒత్తిడి 17 రెట్లకు దిగుతుంది.

రింగు నేల చేసే పని ఇదే. ఇనుప చట్రం మీద చెక్క పలకలు, వాటి మీద పలచని నురుగు పరుపు, దాని మీద బిగించిన కాన్వాసు ఉంటాయి. మనిషి పడినప్పుడు ఈ అమరిక మొత్తం కిందికి వంగి, ఆగడానికి కావలసిన ఆ కొన్ని సెంటీమీటర్లను సమకూరుస్తుంది. మిగిలిన పని పడేవాడిది. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, ఊపిరి వదులుతూ, వీపు పైభాగమంతా ఒకేసారి నేలకు తగిలేలా, అరచేతులతో నేలను చరుస్తూ పడటం జూడో విద్యార్థులు మొదటి రోజుల్లో నేర్చుకునే పద్ధతే. అంత బలాన్నీ నడినెత్తి వంటి చిన్న చోట మోపితే మెడ విరుగుతుంది, వీపంతా పరిస్తే ఒళ్ళు మండుతుంది. అయితే ఇలా పడటం సుఖమైన పని అని ఎవరూ అనుకోకూడదు. ఏళ్ళ తరబడి వారానికి కొన్ని రాత్రులు ఇలా పడేవారి మోకాళ్ళూ నడుమూ మెడా తొందరగా అరిగిపోతాయి.

ఇక అండర్‌టేకర్ అనే రెజ్లర్ వేసే టూంబ్‌స్టోన్ పైల్‌డ్రైవర్‌ను గమనించండి. తలకిందులుగా ఉన్న ప్రత్యర్థిని కడుపుకు అదుముకుని అతను మోకాళ్ళ మీద దిగుతాడు. ప్రత్యర్థి తల అతని తొడల మధ్య, మోకాళ్ళ మట్టానికి కొంచెం పైన ఉంటుంది గనుక బరువంతా అతని మోకాళ్ళు, మోకాలిచిప్పల కింది ఎముకలు మోస్తాయి. తలకూ నేలకూ మధ్య కొన్ని అంగుళాల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని తొడలు కప్పివేస్తాయి కాబట్టి చూసేవారికి మెడ విరిగినట్టే కనిపిస్తుంది. 1997 నాటి ప్రమాదంలో లేనిది ఆ కొన్ని అంగుళాలే. తరువాత డబ్ల్యూడబ్ల్యూఈ పైల్‌డ్రైవర్లను దాదాపుగా నిషేధించి, అండర్‌టేకర్‌కూ కేన్ అనే మరో రెజ్లర్‌కూ మాత్రం ఈ రకాన్ని మినహాయించింది.

కప్పిపుచ్చడం ఒక్కటే సరిపోదు, కన్ను కార్యకారణ సంబంధాన్ని కూడా చూడగలగాలి. బెల్జియం మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మిషోట్ 1946లో ప్రచురించిన పరిశోధనలు ఈ విషయంలో ఎంతో వెలుగునిస్తాయి. ఒక బొమ్మ కదిలివచ్చి మరో బొమ్మను తాకి ఆగుతుంది, వెంటనే రెండోది కదులుతుంది. వాటి మధ్య ఏ బలమూ లేదని తెలిసినా మొదటిది రెండోదాన్ని నెట్టిందనే మనకు కనిపిస్తుంది. తాకడానికీ కదలడానికీ మధ్య సెకనులో పదో వంతు మించి ఆలస్యమయ్యే కొద్దీ ఆ భావన బలహీనపడి, ఇంకొంచెం ఆలస్యమైతే పూర్తిగా మాయమవుతుంది. అప్పుడు రెండో బొమ్మ తనంతట తాను కదిలినట్టే ఉంటుంది. రెజ్లింగ్ అభిమానులు ‘ముందే పడిపోయాడు’ అని విసుక్కునేది సరిగ్గా ఈ సన్నటి కాలవ్యవధి తప్పినప్పుడే. దెబ్బకు ముందే కూలినా, దెబ్బ తగిలాక ఒక్క క్షణం ఆలోచించి కూలినా, కన్ను ఆ రెండింటినీ కలపడానికి నిరాకరిస్తుంది.

చెవికి కూడా ఇందులో పెద్ద భాగమే ఉంది. 1997లో ‘నేచర్’ పత్రికలో రాబర్ట్ సెకులర్ బృందం ఒక చక్కని ప్రయోగాన్ని ప్రచురించింది. తెర మీద రెండు చుక్కలు ఎదురెదురుగా వచ్చి, ఒకదానిలోంచి ఒకటి దాటి వెళ్ళిపోతున్నట్టు కనిపిస్తాయి. అవి కలిసే క్షణంలో చిన్న ‘టిక్’ శబ్దాన్ని జోడిస్తే, అవే చుక్కలు ఢీకొని వెనక్కి మళ్ళినట్టు ఎక్కువమందికి కనిపిస్తాయి. తెర మీది బొమ్మ మారలేదు, ఒక చిన్న శబ్దం ఢీకొన్న భావనను పుట్టించింది. షాన్ మైకేల్స్ అనే రెజ్లర్ గడ్డం మీద తన్నే సూపర్‌కిక్ వేసేటప్పుడు అతని అరచేయి తన తొడ మీదే ఛెళ్ళున పడేది. గడ్డాన్ని బూటు తాకీ తాకకుండా ఆగినా, ఆ చరుపు వినగానే దవడ పగిలిందని మనసు తీర్మానించేస్తుంది. అడుగున బోలుగా ఉండే రింగు కూడా మద్దెలలా మోగి ప్రతి పతనాన్నీ పెద్దది చేసి వినిపిస్తుంది.

ఇంతవరకు చెప్పిన పనిలో సగానికి పైగా దెబ్బ తినేవాడిదేనని గమనించాలి. ఆస్టిన్ వేసే స్టన్నర్‌ను నెమ్మదిగా తిప్పి చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. కడుపులో తన్ని, ప్రత్యర్థి వంగగానే అతనికి వీపు తిప్పి, తల పట్టుకుని గడ్డాన్ని తన భుజం మీదికి లాక్కుని, ఆస్టిన్ కింద కూర్చుంటాడు. ప్రత్యర్థి కూడా అతనితో పాటే మోకాళ్ళ మీదికి దిగుతాడు గనుక గడ్డానికి తగిలేది నామమాత్రం. ఆ పైన అతను వెనక్కి ఎగిరిపడే తీరే ఆ దెబ్బకు ప్రాణం. ది రాక్ అనే రెజ్లర్ ఈ దెబ్బ తిన్నప్పుడల్లా బంతిలా ఎగిరి, తూలి, మళ్ళీ ఎగిరి పడేవాడు. నిజ జీవితంలో దవడ మీద గట్టి దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడు ఇలా పడడు. తల ఒక్కసారిగా గిర్రున తిరగడంతో మెదడు కదిలి, శరీరం మొద్దులా కూలుతుంది. కొందరిలో చేతులు బిర్రబిగుసుకుని గాలిలోకి లేచి కొన్ని సెకన్లు అలాగే నిలిచిపోతాయి. ఆ దృశ్యాన్ని రింగులో యథాతథంగా అనుకరిస్తే ప్రేక్షకులు నటన బాగాలేదంటారని నాకు గట్టిగా అనిపిస్తుంది. నొప్పి ఎలా కనిపించాలన్న విషయంలో మన మనసులో ముందే ఒక బొమ్మ ఉంది. రెజ్లర్ నాడీశాస్త్రానికి కాకుండా ఆ బొమ్మకు విధేయుడు కావాలి.

ఈ వైరుధ్యం స్లీపర్ పట్టులో మరింత స్పష్టంగా బయటపడుతుంది. వెనక నుంచి చేయి చుట్టి మెడకు రెండు వైపులా ఉండే కరోటిడ్ ధమనులను నొక్కితే మెదడుకు రక్తం అందదు. 1943లో అమెరికా పరిశోధకులు ఆరోగ్యవంతులైన యువకుల మెడకు గాలితో ఉబ్బే పట్టీ కట్టి రక్తప్రసరణ ఆపి చూసినప్పుడు, సగటున 7 సెకన్లలోపే వారికి స్పృహ తప్పింది. రింగులో వేసే పట్లలో శాస్త్రరీత్యా ఇంత ఖచ్చితంగా మనిషిని పడగొట్టేది మరొకటి లేదు. అయినా దశాబ్దాల పాటు టీవీ ప్రేక్షకులు దాన్ని రెజ్లర్లు ఊపిరి పీల్చుకునే విరామంగానే చూశారు. రెండు నిమిషాల పాటు పట్టు బిగించడం, రిఫరీ చేతిని ఎత్తి వదలడం, మూడోసారి ఆ చేయి కింద పడకుండా ఆగడం అలవాటైపోయి, 7 సెకన్ల నిజం రెండు నిమిషాల తంతు కింద మరుగున పడింది. 1993 నవంబరులో డెన్వర్‌లో జరిగిన తొలి యూఎఫ్‌సీ పోటీల్లో సన్నగా ఉండే రాయిస్ గ్రేసీ తనకంటే బలవంతులను మెడ పట్టుతో లొంగదీశాక పరిస్థితి మారింది. ముందుగా నిర్ణయించని పోటీలో ఆ పట్టు ఏం చేస్తుందో జనం కళ్ళారా చూశారు. తరువాతి కాలంలో సమోవా జో వంటి రెజ్లర్లు అలాంటి పట్టే బిగిస్తే ప్రేక్షకులు ఊపిరి బిగబట్టి చూశారు. మెడలోని ధమనులు మారలేదు, చూసేవారి అనుభవం మారింది.

నిజంగా ప్రాణం తీయగలిగినా గురి చూసి వేయలేని దెబ్బ కూడా ఒకటి ఉంది. ఆక్స్ బేకర్, స్టాన్ స్టేసియాక్ వంటివారు గుండె మీద గుద్దడాన్నే ఆఖరి దెబ్బగా వాడేవారు. ఛాతీకి తగిలిన దెబ్బ ఆరోగ్యకరమైన గుండెను సైతం ఆపగలదన్నది వైద్యపరంగా నిజమే. కానీ ప్రతి గుండె చప్పుడులో సెకనులో కొన్ని వందో వంతులు మాత్రమే ఉండే ఒక సున్నితమైన ఘడియలో ఆ దెబ్బ పడాలి. అది యాదృచ్ఛికంగా జరగవలసిందే తప్ప ఏ పిడికిలికీ సాధ్యం కాదు. 1972లో బేకర్‌తో పోటీ ముగిశాక రే గంకెల్ అనే రెజ్లర్ మరణించాడు. ఆ మరణాన్ని బేకర్ గుద్దుకు ప్రచారంగా వాడుకున్నారు. ఈ కళ చరిత్రలో నాకు అత్యంత అసహ్యం కలిగించే అధ్యాయాల్లో ఇదొకటి.

ఇక జ్ఞాపకం సంగతి. 1980లలో జేక్ రాబర్ట్స్ వేసే డీడీటీ తగిలితే పోటీ ముగిసినట్టే. ప్రత్యర్థి తలను చంకలో బిగించి వెనక్కి పడిపోవడమే ఆ దెబ్బ. నేడు దాదాపు ప్రతి ప్రదర్శనలోనూ ఎవరో ఒకరు డీడీటీ వేస్తారు, ఎదుటివాడు అర నిమిషంలో లేస్తాడు. దెబ్బ అదే, ఎత్తు అదే, భౌతికశాస్త్రం అదే, పోయింది నమ్మకం ఒక్కటే. మైకేల్స్ సూపర్‌కిక్‌కు కూడా అదే గతి పట్టింది. గంట మోగిన ప్రతిసారీ తిండి దొరికితే జంతువు గంటకే నోరూరించుకుంటుందనీ, తిండి రావడం ఆగిపోతే ఆ స్పందన క్రమంగా చచ్చిపోతుందనీ పావ్లోవ్ ప్రయోగాలు చూపాయి. ఫినిషర్ కూడా అలాంటి సంకేతమే. అది పడిన ప్రతిసారీ పోటీ ముగిస్తే నమ్మకం పెరుగుతుంది, ముగియకపోతే తరుగుతుంది. 2009 రెజిల్‌మేనియాలో మైకేల్స్ టూంబ్‌స్టోన్ తిని కూడా మూడో లెక్కకు ముందే భుజం ఎత్తినప్పుడు స్టేడియం దద్దరిల్లింది. ఏళ్ళ తరబడి పేర్చిన నమ్మకాన్ని ఆ ఒక్క క్షణంలో ఖర్చు పెట్టారు గనుకనే అంత స్పందన వచ్చింది. అదే పని ప్రతి నెలా చేస్తే ఖర్చు పెట్టడానికి ఏమీ మిగలదు.

నమ్మకం తరిగిపోయినప్పుడు దెబ్బను మరింత ప్రమాదకరంగా మార్చి దాన్ని తిరిగి కొనాలనుకోవడం అన్నిటికంటే పెద్ద ముప్పు. 1990లలో జపాన్‌లోని ఆల్ జపాన్ సంస్థ పోటీలు ఈ దారిలోనే నడిచాయి. వీపు మీద పడే దెబ్బలకు ప్రేక్షకులు అలవాటుపడిన కొద్దీ రెజ్లర్లు మెడ మీదా తల మీదా పడసాగారు. ఆ తరంలో అగ్రగణ్యుడైన మిత్సుహారు మిసావా 2009 జూన్ 13న హిరోషిమాలో వెనక నుంచి ఎత్తి వేసిన ఒక సూప్లెక్స్ తరువాత మెడలో వెన్నుపాము దెబ్బతిని మరణించాడు. అప్పటికి అతనికి 46 ఏళ్ళు. అతన్ని పడగొట్టింది అరుదైన ఆఖరి దెబ్బ కాదు, అతను అంతకుముందు లెక్కలేనన్ని సార్లు తిన్న మామూలు దెబ్బే. ఏళ్ళ తరబడి తల మీద పడుతూ వచ్చిన మెడకు మామూలు దెబ్బ, ప్రమాదకరమైన దెబ్బ అన్న తేడా మిగలదు.

మిసావాకు చిరకాల ప్రత్యర్థి అయిన కెంటా కొబాషి దగ్గర బర్నింగ్ హ్యామర్ అనే దెబ్బ ఉండేది. ప్రత్యర్థిని వెల్లకిలా భుజాల మీద వేసుకుని, పక్కకు పడిపోతూ తల నేలకు తగిలేలా వదలడం అందులోని పని. అది నిజంగానే ప్రమాదకరమైనది. రెండు దశాబ్దాలకు పైగా సాగిన తన వృత్తి జీవితంలో అతను దాన్ని 7 సార్లు మాత్రమే ప్రయోగించాడు, మిగతా రాత్రులన్నీ చాచిన చేతితో బలంగా కొట్టే లారియట్‌తోనూ, ఛాతీ మీద చరుపులతోనూ నెట్టుకొచ్చాడు. ఆ పొదుపు ప్రత్యర్థుల మెడలనూ కాపాడింది, దెబ్బ విలువనూ కాపాడింది. కొబాషి ఎవరినైనా వెల్లకిలా భుజాలకెత్తుకున్నాడంటే చాలు, అతను ఇంకా కదలకముందే జనం లేచి నిలబడేవారు.