ఆస్థాన వైద్యుడు వెసాలియస్: అపోహలు - వాస్తవాలు

అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం) బోధించే మాబోటి వారికి ఆండ్రియాస్ వెసాలియస్ పేరు నిత్యం నోట నానేదే. 1514 డిసెంబరు 31న బ్రస్సెల్స్‌లో పుట్టి, 28 ఏళ్లకే మానవ శరీర నిర్మాణంపై ఏడు భాగాల మహాగ్రంథాన్ని వెలువరించి, ఆపైన చక్రవర్తి అయిదవ చార్లెస్‌కూ, ఆయన కుమారుడైన స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్‌కూ ఆస్థాన వైద్యుడిగా పనిచేసిన పండితుడాయన. ఆయన చుట్టూ అల్లుకున్న కథలు ఆయన అసలు ఘనతను మరుగుపరుస్తున్నాయని నా అభిప్రాయం.

అపోహ: మనిషి శవాన్ని మొదట కోసినవాడు వెసాలియస్, అంతవరకూ చర్చి దాన్ని నిషేధించింది.

వాస్తవం: క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాలో గ్రీకు వైద్యుడు హీరోఫిలస్ మానవ శరీరాలను పరిశీలించాడు. ఇటలీలోని బొలోన్యాలో మొండినో అనే ఆచార్యుడు 1316 నాటికే శవచ్ఛేదన ఆధారంగా పాఠ్యగ్రంథం రాశాడు. ఇటలీలోనే ఉన్న పాడువాలో మరణశిక్ష పడిన నేరస్థుల దేహాలను వెసాలియస్‌కు ఇప్పించినవాడు ఒక న్యాయమూర్తి. అప్పటి పద్ధతిలో ఆచార్యుడు ఎత్తైన పీఠంపై కూర్చుని ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథం చదివేవాడు, కింద మరొకరు కోసేవారు. చదివిన మాటకూ కనిపించే అవయవానికీ పొంతన ఉందో లేదో చూసేవారు తక్కువ. వెసాలియస్ పీఠం దిగి వచ్చి, కత్తి తన చేతిలోకి తీసుకుని, కోస్తూనే పాఠం చెప్పాడు. ఆయన తెచ్చిన మార్పు ఇదే.

అపోహ: ఆయన మొదటినుంచీ గాలెన్‌కు శత్రువు, ఒక్క పుస్తకంతో ఆ ప్రాచీన వైద్యుణ్ణి కూలదోశాడు.

వాస్తవం: విద్యార్థులు ఎక్కువ శ్రద్ధతో తెలుసుకోవలసిన విషయం ఇది. 1537 డిసెంబరులో పట్టా పొందిన మరునాడే పాడువాలో శస్త్రవైద్యం, అనాటమీ బోధించే పదవిలో చేరిన వెసాలియస్, 1538లో ప్రచురించిన పటాల్లో కాలేయానికి గాలెన్ చెప్పినట్టే అయిదు తమ్మెలు (విడి భాగాలు) గీయించాడు. మెదడు అడుగున మనిషిలో లేని రక్తనాళాల వలను కూడా చూపించాడు. 1541లో వెనిస్‌లో అచ్చయిన గాలెన్ రచనల సంపుటిలో కొన్ని భాగాలను పరిష్కరించినవాడూ ఆయనే. గాలెన్ మాటలను అంత దగ్గరగా చదివి, వాటిని శవంతో పోల్చి చూసినందువల్లనే, గాలెన్ కోసినవి ఎక్కువగా కోతులు, పందుల వంటి జంతువులనీ, ఆ వర్ణనలు మనిషికి సరిపోవనీ ఆయనకు తెలిసింది. మనిషి కింది దవడ రెండు కాదు, ఒకే ఎముక; రొమ్ము ఎముకలో ఏడు భాగాలు ఉండవు. 1543లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో అచ్చయిన ఆ ఏడు భాగాల గ్రంథంలో ఇటువంటి సవరణలు ఎన్నో ఉన్నాయి.

అయినా ఆ గ్రంథంలో సైతం తొందరపాటు లేదు. గుండె కింది గదుల మధ్య గోడలోని రంధ్రాల గుండా రక్తం పోతుందని గాలెన్ చెప్పగా, ఆ రంధ్రాలు కంటికి కనబడటం లేదని 1543లో వెసాలియస్ ఆశ్చర్యం మాత్రమే ప్రకటించి, 1555 నాటి రెండో ముద్రణలో ఆ సందేహాన్ని మరింత సూటిగా చెప్పాడు. రక్తప్రసరణను కనుగొన్నది ఆయన కాదు. అది 1628లో ప్రచురితమైన ఇంగ్లండు వైద్యుడు హార్వే కృషి.

అపోహ: రాజాస్థానంలో చేరాక ఆయన విద్యను వదిలేశాడు.

వాస్తవం: ఆస్థానం ఆయనకు కొత్త కాదు, తండ్రి చక్రవర్తి దగ్గర ఔషధాలు తయారుచేసే ఉద్యోగి. కొలువులో చేరేముందు కొన్ని రాతప్రతులు తగలబెట్టిన మాట నిజమే, ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. కాని ఆ తరువాత సైన్యంతో తిరుగుతూ గాయాలకు చికిత్స చేశాడు, శవపరీక్షలు నిర్వహించాడు, 1555లో గ్రంథాన్ని సవరించి మళ్లీ వెలువరించాడు. 1559లో ఫ్రాన్స్ రాజు రెండవ హెన్రీకి పోటీలో బల్లెం ముక్క కంటి దగ్గర గుచ్చుకున్నప్పుడు బ్రస్సెల్స్ నుంచి ఆయనను పిలిపించారు. రాజు దక్కలేదు. 1562లో ఫిలిప్ కుమారుడైన యువరాజు డాన్ కార్లోస్ మెట్ల మీద నుంచి పడి తలకు గాయమైనప్పుడు చికిత్స చేసినవారిలోనూ ఆయన ఉన్నాడు. ఇటలీకి చెందిన అనాటమీ పండితుడు ఫాలోపియో 1561లో తన పరిశీలనలను ప్రచురించి వెసాలియస్ పొరపాట్లను ఎత్తిచూపితే, మాడ్రిడ్‌లో ఉన్న ఆయన వాటిని చదివి ఆ ఏడాదే వివరమైన సమాధానం రాశాడు.

అపోహ: బతికున్న మనిషిని కోసినందుకు మతవిచారణ న్యాయస్థానం మరణశిక్ష వేసింది, రాజు దాన్ని జెరూసలేం యాత్రగా మార్చాడు.

వాస్తవం: ఆయన చనిపోయాక, 1565 నాటిదిగా చెప్పే ఒక ఉత్తరం ద్వారా వ్యాపించిన కథ ఇది. అటువంటి విచారణ జరిగినట్టు రికార్డులేవీ లేవు. 1564లో ఆయన జెరూసలేం వెళ్లిన మాట వాస్తవం. తిరుగు ప్రయాణంలో గ్రీసు సమీపంలోని జాకింథోస్ ద్వీపంలో, అదే ఏడాది అక్టోబరులో మరణించాడు. ఫాలోపియోకు రాసిన సమాధానం కూడా 1564లోనే వెనిస్‌లో అచ్చయింది. అప్పటికి ఫాలోపియో మరణించి రెండేళ్లయింది.