టర్కీ వెళ్తూ ఆవకాయ జాడీ మోయాలా?

హైదరాబాద్ నుంచి ఇస్తాంబుల్, కప్పడోకియా, అంతల్యాకు గ్రూపులను తీసుకెళ్లే టూర్ మేనేజర్‌ని నేను. బయల్దేరే ముందు పెట్టే మీటింగులో వీసా గురించి రెండు ప్రశ్నలొస్తే తిండి గురించి ఇరవై వస్తాయి. ఎక్కువగా వినేవి ఇవీ.

అపోహ: అక్కడన్నీ కబాబులే. శాకాహారులకు పస్తులే.

వాస్తవం: మధ్యాహ్నం పన్నెండింటికి ఏ బజారు వెనక సందులోకైనా వెళ్లి ‘ఎస్నాఫ్ లొకాంతాస’ ఎక్కడని అడగండి. చుట్టుపక్కల షాపులవాళ్లు, పనివాళ్లు తినే మెస్ అన్నమాట. అద్దం వెనక వేడి ట్రేలలో వండినవన్నీ కనిపిస్తాయి, వేలు చూపిస్తే వడ్డిస్తారు. బీన్స్, బెండకాయ, పాలకూర, శనగలు, ద్రాక్షాకులో చుట్టిన అన్నం. ఆలివ్ నూనెలో వండి చల్లార్చి పెట్టే కూరలను ‘జెయ్తిన్‌యాల’ అంటారు, వాటిలో సాధారణంగా మాంసం వేయరు. చల్లారిపోయాయని మనవాళ్లు వెనక్కి పంపేస్తుంటారు కానీ, వాటిని తినేదే అలా. రాత్రి ఎనిమిదింటికి తీరిగ్గా వెళ్తే మాత్రం ట్రేలు దాదాపు ఖాళీ అయి ఉంటాయి.

వంకాయ దగ్గర కాస్త జాగ్రత్త. ‘ఇమామ్ బయల్ద’ మన గుత్తి వంకాయకు దూరపు చుట్టం: ఉల్లిపాయ, టమాటా, వెల్లుల్లి కూరి వండుతారు, మాంసం ఉండదు. దాని పక్కనే కవల పిల్లలా ‘కార్నయారిక్’ ఉంటుంది. అందులో ఉండేది ఖీమా.

అపోహ: ‘నో మీట్’ అంటే చాలు.

వాస్తవం: చాలదు. ఒకసారి మా గ్రూపులో ఒక పెద్దావిడ ‘మెర్జిమెక్ చోర్బాస’ తెప్పించుకున్నారు. ఎర్ర కందిపప్పు సూప్, నిమ్మచెక్క పిండుకుంటే మన పప్పుచారును తలపిస్తుంది. మాంసం ఉందా అంటే వెయిటర్ గుండె మీద చెయ్యి వేసుకుని ‘ఎత్ యోక్’, లేదన్నాడు. అబద్ధమేమీ కాదు, ముక్క నిజంగానే లేదు. పప్పు ఉడికించింది మాత్రం ఎముకలు మరిగించిన నీళ్లలో. అప్పటికే సగం గిన్నె ఖాళీ అయింది. ఆ పూట ఆవిడ ఇంకేమీ ముట్టలేదు, నాకూ ముద్ద దిగలేదు.

అప్పట్నుంచి గ్రూపులో అందరి చేతా ఒక వాక్యం బట్టీ పట్టిస్తున్నా: ‘ఎత్ సుయు వర్ మ?’ మాంసం రసం ఉందా అని. ‘తవుక్ సుయు’ అంటే కోడి రసం. పిలావ్ అన్నాన్ని దాంతో వండే చోట్లున్నాయి, అదీ అడగాలి. ఇంకో సంగతి, ‘ఎత్’ అనగానే అక్కడ చాలామందికి తట్టేది ఎర్ర మాంసమే. చికెన్, చేప వాళ్ల లెక్కలో వేరు. అందుకని వాటినీ విడిగా చెప్పుకోవాలి.

అపోహ: ముస్లిం దేశం కదా, మాంసమంటే మటనో చికెనో అయ్యుంటుంది.

వాస్తవం: పంది మాంసం చాలా అరుదన్నది నిజమే. గొడ్డు మాంసం మాత్రం మామూలే. కొఫ్తే (ఖీమా ఉండలు), డోనర్ (నిలువు ఊచకు కాల్చి కోసే మాంసం), లహ్మాజున్ (ఖీమా పరిచిన పల్చటి రొట్టె), వీటిలో తరచూ ఉండేది అదే. పొద్దున హోటల్ బఫేలో ఎర్రగా చక్రాల్లా కనిపించే ‘సుజుక్’ సాసేజ్, పల్చగా కోసిన ఎండు మాంసం ‘పాస్తర్మా’ కూడా సాధారణంగా గొడ్డు మాంసంతో చేసినవే. ‘దానా’ అనే మాట గుర్తుపెట్టుకోండి. మనకు కోళ్ల మేత, వాళ్లకు దూడ. ‘సర్’ అన్నా పశువే. ‘కుజు’ అంటే గొర్రెపిల్ల, ‘తవుక్’ అంటే కోడి. బీఫ్ తినని మాంసాహారులకు ఈ నాలుగు మాటలు వస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

అపోహ: ‘చీ కొఫ్తే’ అంటే పచ్చి మాంసం, దూరంగా ఉండాలి.

వాస్తవం: మూలం అదే. కానీ ఇప్పుడు దుకాణాల్లో పచ్చి మాంసంతో చేసి అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. కొమాగెనె లాంటి చెయిన్లలో దొరికేది బుల్గుర్ గోధుమ నూకను మిరప ముద్దతో, మసాలాలతో పిసికి చేసింది. పల్చటి రొట్టెలో లెట్యూస్ ఆకు పరిచి, దానిమ్మ పులుసు (దానిమ్మ రసం చిక్కగా మరిగించి సీసాల్లో అమ్మేది) పోసి చుట్టిస్తారు. ‘అజల’ అంటే కారంగా చేస్తారు. టర్కీ తిండి చప్పన అని సణిగేవాళ్లను నేను నేరుగా అక్కడికే తీసుకెళ్తా.

అపోహ: టేబుల్ మీద పెట్టినవన్నీ ఫ్రీ.

వాస్తవం: మామూలు లొకాంతాలో రొట్టెకు డబ్బులు తీసుకోరు. టూరిస్టు వీధుల్లో మాత్రం ట్రే నిండా మెజేలు (చిన్న గిన్నెల్లో నంజుళ్లు) తెచ్చి ముందు పెడతారు. ‘ఇక్రామ్’ అన్నారా, అది వాళ్ల మర్యాద. అనలేదంటే బిల్లులో ఉంటుంది. నా మొదటి ట్రిప్పులో ఒక సముద్రపు ఒడ్డు హోటల్లో రేటు అడగకుండా చేప చెప్పాను. అది కిలో లెక్కన తూచి అమ్మేది. బిల్లు చూశాక తేడా నా జేబులోంచే కట్టుకున్నా. ధరల పట్టిక గుమ్మం దగ్గర ఉండాలన్నది అక్కడి నిబంధన. కనబడకపోతే నేను లోపలికే వెళ్లను.

అపోహ: లోకుమ్ (టర్కిష్ డిలైట్ అనే మిఠాయి)లో జెలటిన్, అంటే జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసేది, ఉంటుంది.

వాస్తవం: అసలు లోకుమ్ చక్కెర, కార్న్‌ఫ్లోర్ లాంటి పిండితో చేసేది. 1777 నాటి హాజీ బెకిర్ దుకాణం ఇప్పటికీ అమ్ముతోంది. జెలటిన్ ఉండేది జెల్లీ మిఠాయి ప్యాకెట్లలో. ‘సర్ జెలాతిని’ అని రాసి ఉంటే అది పశువుదే. ఎయిర్‌పోర్టులో టర్కీ చాక్లెట్ వద్దని బెల్జియం బ్రాండ్ గొడైవా కొనేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. ఉల్కెర్ బిస్కెట్ల మాతృసంస్థ యిల్దిజ్ హోల్డింగే 2007లో గొడైవాను కొనేసింది.

ఉద్యోగాలకు వెళ్లి ఉండిపోయేవాళ్లకు: మిగ్రోస్, బిమ్, షోక్ లాంటి సూపర్ మార్కెట్లలో ఎర్ర పప్పు, శనగలు, జీలకర్ర, పెరుగు అన్నీ దొరుకుతాయి. ‘ఐరాన్’ అంటే ఉప్పేసిన మజ్జిగే. బాల్దో బియ్యం పొట్టిగా లావుగా ఉంటుంది, పెరుగన్నానికి బాగానే నప్పుతుంది. చింతపండు, ఇంగువ, కరివేపాకు మాత్రం వీధి చివరి షాపులో ఆశించకండి. చింతపండు అయిపోయిన ఒక రోజు దానిమ్మ పులుసుతో చారు పెట్టా. రంగు నల్లగా, రుచి కాస్త తియ్యగా వచ్చింది. గిన్నెలో మాత్రం చుక్క మిగల్లేదు. ఆ సీసా కొనేటప్పుడు వెనక చదవండి, గ్లూకోజ్ అని ఉంటే పక్కన పెట్టేయండి.